యాభై డిగ్రీల దగ్గర ఉబ్బు

"టీచర్, నా గ్రాఫు తప్పొచ్చేసింది. రికార్డు వెనక్కిచ్చేశారు. మంగళవారం వైవా. ఇప్పుడేం చేసేది?"

ఫోను వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అవతల ఉన్నది మా బడిలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకున్న అమ్మాయి. ప్లస్ వన్, ప్లస్ టూ ఇంగ్లీషులో ఎలాగో గట్టెక్కింది. ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు, ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. వాళ్లమ్మ హోసూరు పక్కన గులాబీ తోటలో పనికి పోతుంది. తమ్ముడు ఇప్పుడు మా బడిలోనే ఏడో తరగతి.

ఆ ప్రయోగం యాంటెన్నా రేడియేషన్ ప్యాటర్న్ కొలవడం. మన మాటల్లో వికిరణ చిత్రం అనుకోవచ్చు. ఒక యాంటెన్నా ఏ దిక్కుకు ఎంత బలంగా తరంగాలు పంపుతుందో, ఏ దిక్కు నుంచి ఎంత బలంగా అందుకుంటుందో, దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ కొలిచి గుండ్రటి గ్రాఫు మీద గీయాలి. అమ్మాయి గీసిన బొమ్మ ఎడమ వైపు బాగానే వచ్చింది. కుడి వైపు 50 డిగ్రీల దగ్గర ఒక ఉబ్బు వచ్చింది. పోయిన ఏటి రికార్డుల్లో ఎవరికీ అలా లేదు. "సీనియర్ల రికార్డు చూసి సరిగ్గా గీసుకు రా" అన్నారట. తోటివాళ్లు అప్పటికే అలా గీసేసి సంతకాలు పెట్టించుకున్నారు.

"నాకే సరిగ్గా అర్థం కాలేదేమో టీచర్. తెలుగు మీడియందాన్ని కదా" అంది చివర్లో.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంకో కారణమూ ఉంది. అదే వారం వాళ్లమ్మ బడికొచ్చి కొడుకు టీసీ అడిగింది. "పాప అక్కడ అవస్థ పడతా ఉంది టీచరమ్మా. వీణ్ణన్నా ముందే ఇంగ్లీషు మీడియంలో వేస్తాం" అంది. అర్జీ తీసుకుని సొరుగులో పెట్టాను. నేను చెప్పేది భౌతిక శాస్త్రమే, కానీ బీఎస్సీ, బీఈడీ చదివిన నేను కూడా యాంటెన్నా కొలిచే ల్యాబు ఎన్నడూ చూడలేదు. శనివారం మాకు సెలవు, వాళ్లకు ల్యాబు ఉంది. అనుమతి అడిగి వెళ్లాను.

మిద్దె మీద నుంచి "వచ్చిందా?"

నిజానికి వికిరణ చిత్రం అంటే ఏమిటో నా ఈడు వాళ్లందరికీ తెలుసు, పేరు తెలియదంతే. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వచ్చే వేళకు వీధికొకరు మిద్దె ఎక్కేవాళ్లు. మా ఇంట్లో మా నాయన. యాంటెన్నా గొట్టం పట్టుకుని కొంచెం కొంచెం తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచేవాడు. కింద నుంచి మేము "రాలా... ఇంకొంచెం... ఆ, వచ్చింది... అయ్యో, పోయింది!" అనేవాళ్లం. బెంగళూరు వైపు చూస్తే బొమ్మ, పక్కకు తిరిగితే చుక్కలు. ఇంకా తిప్పితే ఒకచోట మళ్లీ లీలగా బొమ్మ తేలేది. నాయన చేసింది కొలతే. ఆ గొట్టమే తిరిగే పీట, మా కళ్లే మీటరు. ఏ కోణంలో ఎంత వచ్చిందో రాసుకోలేదు, అంతే తేడా.

చేప ముల్లులా ఉండే ఆ యాంటెన్నాను యాగీ యాంటెన్నా అంటారు. 1926లో జపాన్‌లోని సెండై నగరంలో తొహోకు విశ్వవిద్యాలయం నుంచి హిదెత్సుగు యాగీ, షింతారో ఉడా దాన్ని లోకానికి చూపించారు. కడ్డీలు మార్చి మార్చి కొలతలు తీసిన శ్రమ ఎక్కువగా ఉడాది. జనం నోట నిలిచిన పేరు మాత్రం యాగీది. కొలిచేవాళ్లకు ఇది కొత్తేమీ కాదనుకోండి. టీవీ తీగ తగిలించేది మధ్యలో ఉన్న ఒక్క కడ్డీకే. వెనకనున్న పొడవాటి కడ్డీ తరంగాన్ని ముందుకు తోస్తుంది, ముందున్న పొట్టి కడ్డీలు దాన్ని ఒక దిక్కుకు కుదురుస్తాయి. తిరుపతి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆ రాడార్‌లో ఇలాంటి యాగీ జతలు 1,024 ఉన్నాయి. వరసకు 32 చొప్పున 32 వరసలు, మడిలో నాట్లు వేసినట్టు నిలబడి ఉంటాయి. ఒక్క యాగీ వెడల్పుగా చూస్తుంది. వెయ్యి కలిస్తే ఆకాశంలో 3 డిగ్రీల సన్నటి మేరనే చూస్తాయి.

ఇంకో విషయం ముందే చెప్పుకుంటే తర్వాత తికమక ఉండదు. మామూలు యాంటెన్నా పంపేటప్పుడు ఏ దిక్కుకు ఎంత బలమో, అందుకునేటప్పుడూ ఆ దిక్కుకు అంతే బలం. రెండింటికీ బొమ్మ ఒకటే. అందుకే ల్యాబులో అందుకునే యాంటెన్నాను తిప్పి కొలిచినా సరిపోతుంది.

బల్ల మీద రెండు గరాటాలు

ల్యాబు పెద్దదేం కాదు, మా ఎనిమిదో తరగతి గదంత. గోడవారగా ఒక పొడవాటి బల్ల, దాని మీద రెండు లోహపు గరాటాలు ఎదురెదురుగా. వాటిని హార్న్ యాంటెన్నాలంటారు. నలుచదరపు నోరు, సుమారు 8 సెంటీమీటర్లు. రెండింటి మధ్య దూరం ఒక మీటరు. ఒక గరాటాకు గన్ డయోడు అనే చిన్న పరికరం నుంచి 10 గిగాహెర్ట్జ్ తరంగాలు వస్తాయి. కాంతి వేగాన్ని ఆ పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. శక్తి మిల్లీవాట్లలోనే ఉంటుంది. అయినా పనిచేస్తున్న గరాటా నోట్లోకి కన్ను పెట్టి చూడకూడదు.

రెండో గరాటా తిరిగే పీట మీద ఉంది. పీట చుట్టూ డిగ్రీల గీతలు. దాని వెనక తరంగాన్ని పసిగట్టే డిటెక్టరు, అక్కడి నుంచి తీగ మీటరుకు. ముందుగా రెండు గరాటాలనూ సూటిగా ఎదురెదురు పెట్టి, అప్పుడొచ్చే రీడింగును సున్నా అనుకుంటారు. తర్వాత 5 డిగ్రీలు తిప్పి ఎంత తగ్గిందో రాస్తారు. మళ్లీ 5. కుడికి 90 దాకా, ఎడమకు 90 దాకా. మొత్తం 37 రీడింగులు. విసుగు పుట్టే పనే. పాత రికార్డు చూసి గీయాలని ఎందుకనిపిస్తుందో పదిహేనో రీడింగు దగ్గరే నాకర్థమైంది.

మీటరు చెప్పేది డెసిబెళ్లలో. పిల్లలు భయపడేది ఇక్కడే, కానీ భయపడాల్సినంత లేదు. 3 డెసిబెళ్లు తగ్గితే శక్తి సగమైనట్టు. 10 తగ్గితే పదో వంతు. 20 తగ్గితే నూరో వంతు. ఇవి సంవర్గమానాలే. రెండు వైపులా 3 డెసిబెళ్లు తగ్గిన చోట్ల గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కోణం చూస్తే ఆ యాంటెన్నా చూపు ఎంత వెడల్పో తెలుస్తుంది. అమ్మాయికి 24 డిగ్రీలు వచ్చింది. ఆ కొలతల గరాటాకు అది సబబైన విలువే. అంటే చేతి పని బాగుంది.

గ్రాఫు కాగితం గడియారం ముఖంలా ఉంటుంది, చుట్టూ కోణాలు, లోపల ఒకదానిలో ఒకటి వలయాలు. చుక్కలు కలిపితే ముందుకు ఒక పెద్ద రేకు, పక్కన చిన్న చిన్న రేకులు వస్తాయి. వాటిని మెయిన్ లోబ్, సైడ్ లోబ్ అంటారు. "లోబ్ అంటే ఏంటమ్మా?" అన్నాను. నిర్వచనం ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. "అది కాదు, ఆ మాటకు అర్థం?" అన్నాను. తెలియదు. చెవి కింద వేలాడే మెత్తటి ముక్కను ఇంగ్లీషులో ఇయర్ లోబ్ అంటారు. మనం చెవి తమ్మె అంటాం. తన కమ్మ పట్టుకుని చూసుకుని నవ్వింది. ఆ తర్వాత సాయంత్రం దాకా మా ఇద్దరికీ అవి పెద్ద తమ్మె, పక్క తమ్మెలు. వైవాలో లోబ్ అనే అనాలి, అందులో సందేహం లేదు. కానీ తమ్మె అన్నాక ఆమె ఆ గ్రాఫును చూసిన తీరు మారింది. అంతవరకూ అది మార్కుల కోసం గీసే గీత, ఇప్పుడు ఒక వస్తువు ఆకారం.

తక్కెడ పళ్లాలు మార్చినట్టు

ఇక ఉబ్బు సంగతి. ఎడమ వైపు 50 డిగ్రీల దగ్గర 20 డెసిబెళ్లు తగ్గింది, అంటే నూరో వంతు. కుడి వైపు అదే కోణంలో 16 మాత్రమే తగ్గింది. 16 అంటే దాదాపు నలభయ్యో వంతు. ఎడమ కంటే కుడి రెండున్నర రెట్లు. గరాటా చూస్తే ఎడమా కుడీ ఒకే కొలత, బొమ్మ కూడా ఒకేలా ఉండాలి. తప్పన్నది అందుకే.

మొదట ఆ రీడింగును మళ్లీ తీయమన్నాను. 16. మీటరు ఆపి, మళ్లీ పెట్టి, మూడోసారి. 16. చూసి రాయడంలో పొరపాటైతే మూడుసార్లూ ఒకే అంకె రాదు. ఏదో ఉంది. గరాటాలో సొట్ట ఉందా? పీట వంకరా? లేక బయట ఏమైనా ఉందా?

నేను ఇంకా ఆలోచిస్తుండగానే తనే అంది. "టీచర్, ఎనిమిదిలో మీరు తక్కెడ చూపించారు కదా. తూకం తేడాగా ఉంటే పళ్లాలు మార్చి చూడమన్నారు. సరుకుతో పాటు తేడా అటు పోతే సరుకుది, అక్కడే ఉంటే తక్కెడది అని. ఈ గరాటాను తలకిందులు చేసి బిగిస్తే?"

నేను ఆ పాఠం ఎప్పుడో చెప్పి మరిచిపోయాను. నాలుగు మరలు విప్పి గరాటాను తలకిందులుగా బిగించింది. లోపం గరాటాలో ఉంటే ఉబ్బు ఇప్పుడు ఎడమకు రావాలి. రాలేదు. కుడి వైపే, 50 డిగ్రీల దగ్గరే ఉంది. అంటే లోపం యాంటెన్నాది కాదు. కుడి వైపున్న దేనిదో.

కుడి వైపు ఏముంది? ఇనప బీరువా. పాత రికార్డులు దాచేది. మేము రోజంతా దాని పక్కనే తిరుగుతున్నాం, చూడలేదు.

టేపు తెచ్చాం. గరాటాలను కలిపే గీత నుంచి బీరువా తలుపుకు 60 సెంటీమీటర్లు. గరాటాల మధ్య 100. పతన కోణం, పరావర్తన కోణం సమానం కాబట్టి, ఒక గరాటా నుంచి బయల్దేరి బీరువాకు తగిలి రెండో దానికి చేరే తరంగం సరిగ్గా మధ్యలో, అంటే 50 సెంటీమీటర్ల దగ్గర తగలాలి. అమ్మాయి రికార్డు వెనక లంబకోణ త్రిభుజం గీసింది. ఎదుటి భుజం 60, ఆసన్న భుజం 50. ట్యాన్ విలువ 1.2. పట్టిక చూస్తే ట్యాన్ 50 డిగ్రీలు 1.19.

పదో తరగతి త్రికోణమితి. మా బడిలో, తెలుగులో చెప్పిందే. ఆ క్షణంలో ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నాకైతే చేతుల మీద రోమాలు లేచాయి.

కారణం ఇది. గరాటా 50 డిగ్రీలు పక్కకు తిరిగినప్పుడు ఎదుటి నుంచి నేరుగా వచ్చే తరంగం దానికి ఓరగా తగులుతుంది. బీరువాకు తగిలి వచ్చే తరంగం బలహీనమైనదే, కానీ అది ఇప్పుడు సరిగ్గా నోటికి ఎదురుగా వస్తుంది. దాంతో రెండూ ఇంచుమించు సమానమైపోతాయి. మీటరుకు ఏది ఎటు నుంచి వచ్చిందో తెలియదు, కలిపి చూపిస్తుంది.

అలాగైతే ఇంకో పరీక్ష చేయొచ్చు. రెండు తరంగాలు కలిసినప్పుడు శృంగం మీద శృంగం పడితే పెరగాలి, శృంగం మీద ద్రోణి పడితే తగ్గాలి. వ్యతికరణం పాఠమే. బీరువాను జరపడం మా వల్ల కాదు. ఒక అల్యూమినియం రేకును దాని తలుపుకు ఆనించి, తర్వాత ఒక్క సెంటీమీటరు ముందుకు జరిపాం. లెక్క ప్రకారం తరంగం నడిచే దారి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు తగ్గుతుంది, అంటే సగం తరంగదైర్ఘ్యం. మీటరు ముల్లు కింద పడింది. 16 ఉన్న చోట 28! ఉబ్బు ఉన్న చోట పల్లం వచ్చింది. ఒక సెంటీమీటరుకు. మిద్దె మీద నాయన అరచెయ్యంత జరిగితే బొమ్మ ఎందుకు పోయేదో నాకు ఇన్నేళ్లకు తెలిసింది.

చివరికి ల్యాబ్ అసిస్టెంటుగారి సాయంతో బల్లను గది మధ్యకు లాగి, మొత్తం 37 రీడింగులూ మళ్లీ తీసింది. ఎడమకు, కుడికి తేడా ఒక డెసిబెల్ లోపే.

అరల నిండా ఉన్న ఆ పాత రికార్డులు కూడా కొన్ని తిరగేశాను. బల్ల ఎప్పటి నుంచో అక్కడే ఉందట, బీరువా కూడా. అయినా ఒక్క గ్రాఫులోనూ ఉబ్బు లేదు. మీటరు బదులు మైక్రో అమ్మీటరు వాడిన బ్యాచ్‌ల రికార్డుల్లో ఇంకో సంగతి కనిపించింది. చిన్న సంకేతాలకు డిటెక్టరులో వచ్చే కరెంటు తరంగం శక్తికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి డెసిబెళ్లలోకి మార్చేటప్పుడు సంవర్గమానాన్ని 10తో హెచ్చించాలి. 20తో హెచ్చిస్తే తమ్మెలన్నీ సన్నబడి, పుస్తకంలో బొమ్మలా అందంగా వస్తాయి. అలాంటి అందమైన గ్రాఫులు రెండు చూశాను. రెండింటి మీదా సంతకాలున్నాయి.

పంపే గరాటాను అలాగే ఉంచి, అందుకునే దాన్ని అడ్డంగా 90 డిగ్రీలు మెలితిప్పితే ఏమవుతుందో కూడా చూశాం. ఎదురెదురుగా ఉన్నా మీటరు దాదాపు చచ్చిపోయింది. అది ధ్రువణం. నిలువుగా ఊగే తరంగం అడ్డంగా పెట్టిన గరాటాలోకి పోదు. ఈ గరాటాలను, సెంటీమీటర్ల తరంగాలను మన దేశంలో మొదట వాడిన వారు జగదీశ్ చంద్ర బోస్. 1895లో కలకత్తాలో గోడ అవతలి నుంచి తరంగాలు పంపి గంట మోగించి చూపించారు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన పరికరాలు ప్రదర్శించారు. ధ్రువణాన్ని చూపడానికి ఆయన వాడిన వాటిలో ఒకటి పేజీల మధ్య తగరపు రేకులు పెట్టిన రైల్వే టైంటేబులు పుస్తకం. మన బడుల్లో పరికరాల్లేవని నేను సణిగినప్పుడల్లా ఆ పుస్తకం గుర్తొస్తుంది.

గది నోరు మూయించడం

పెద్ద ల్యాబులు ఈ బీరువా బాధను ఎలా తప్పించుకుంటాయి? గదినే మూగదాన్ని చేస్తాయి. గోడలు, కప్పు, నేల అంతా నురుగుతో చేసిన కోసుగా ఉండే పిరమిడ్లు అతికిస్తారు. ఆ నురుగులో కార్బన్ కలిపి ఉంటుంది. తరంగం ఆ కొసల మధ్య అటూ ఇటూ తగులుతూ లోపలికి పోయి వేడిగా మారిపోతుంది, తిరిగి రాదు. గది బయట లోహపు రేకు కప్పి, బయటి రేడియో, సెల్‌ఫోన్ తరంగాలు లోపలికి రాకుండా చేస్తారు. యాంటెన్నాను తిప్పేది మోటారు. మనిషి బయట కూర్చుంటాడు, ఎందుకంటే నీళ్లతో నిండిన మన ఒళ్లు కూడా తరంగాన్ని వెనక్కి కొడుతుంది. ఆ శనివారం నేను కుతూహలంగా ముందుకు వంగిన ప్రతిసారీ రీడింగు ఊగింది. "టీచర్, మీరు వెనక్కి రండి" అని నన్నే గదమాయించింది.

ఇంకో చిక్కు దూరం. యాంటెన్నాకు మరీ దగ్గరగా కొలిస్తే బొమ్మ ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. ఎంత దూరం కావాలో ఒక లెక్క ఉంది. యాంటెన్నా వెడల్పు వర్గాన్ని రెండుతో హెచ్చించి, తరంగదైర్ఘ్యంతో భాగించాలి. మా 8 సెంటీమీటర్ల గరాటాకు 43 సెంటీమీటర్లు వచ్చింది, మేము మీటరు దూరంలో ఉన్నాం కాబట్టి చిక్కు లేదు. అదే ఉపగ్రహానికి బిగించే 2 మీటర్ల డిష్ అయితే, తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే, 320 మీటర్లు కావాలి. అంత గది ఎవరు కడతారు? అందుకే బెంగళూరులో ఇస్రో దగ్గరున్న యాంటెన్నా పరీక్షా కేంద్రం లాంటి చోట్ల పెద్ద వంపు అద్దాల్లాంటి పరావర్తకాలు పెట్టి, చాలా దూరం నుంచి వచ్చినట్టు సమంగా ఉండే తరంగాన్ని గదిలోనే పుట్టిస్తారు. హోసూరు నుంచి గంటన్నర దారి. మా పిల్లలకు ఆ పేరు నేను ఇంతకాలం చెప్పలేదు.

మహారాష్ట్రలో ఉన్నవారికి ఇంకా పెద్ద ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. పుణె జిల్లా నారాయణ్‌గావ్ దగ్గర జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శినికి 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. 21 సెంటీమీటర్ల తరంగానికి పై లెక్క వేస్తే ఒక్కో డిష్‌ను కొలవడానికి 19 కిలోమీటర్లకు పైగా దూరం కావాలి. దాన్ని ఏ గదిలోనూ పెట్టలేరు. అలాంటి డిష్‌లను ఆకాశంలో బలంగా రేడియో తరంగాలు పంపే వస్తువుల వైపు పెట్టి, కొంచెం అటూ ఇటూ జరుపుతూ కొలుస్తారు. పంపే యాంటెన్నా ఆకాశమే అన్నమాట.

వైవా, ఆ తర్వాత

మంగళవారం అమ్మాయి రెండు గ్రాఫులూ పెట్టింది. ఉబ్బుతో ఉన్నది ఒకటి, బల్ల జరిపాక వచ్చింది ఒకటి, వెనక ట్యాన్ లెక్క. పరీక్ష తీసుకున్న సార్ ఆ పేజీ దగ్గర ఆగారట. ఇంగ్లీషులో చెప్పబోయి మధ్యలో మాట అందక బీరువా వైపు వేలు చూపించిందట. ఆయన లేచి వెళ్లి తనే టేపు పట్టి కొలిచారట. అంతకు ముందు ధ్రువణం మీద అడిగిన ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు. శనివారం చేతులతో చేసిందే. పోలరైజేషన్ అన్న మాట వినగానే అది వేరే ఏదో అనుకుంది.

ఇదంతా వాళ్లమ్మకు నేను ఉత్సాహంగా చెప్పాను. గులాబీ ముళ్లు గీసుకున్న చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నది. "బీరువా సంగతి బాగుంది టీచరమ్మా. ఇంగ్లీషులో చెప్పలేక తడబడింది కదా మరి" అంది.

దానికి నా దగ్గర సూటి జవాబు లేదు. ఆమె అన్నదీ నిజమే. త్రికోణమితి తెలుగులో వచ్చింది కాబట్టి లోపం దొరికింది. పోలరైజేషన్ అన్న మాటకు ధ్రువణం అని ముడి వేయలేదు కాబట్టి జవాబు పోయింది. ఆ ముడి వేయాల్సింది నేను, పదో తరగతిలోనే. అప్పటి నుంచి బోర్డు మీద పరావర్తనం పక్కన రిఫ్లెక్షన్, వ్యతికరణం పక్కన ఇంటర్ఫియరెన్స్ ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాస్తున్నాను. పిల్లలతో రెండూ పలికిస్తున్నాను. టీసీ అర్జీ ఇంకా నా సొరుగులోనే ఉంది. పరీక్షలయ్యాక వస్తానంది.

బడిలో చేయడానికి

గన్ డయోడు మనకు అక్కర్లేదు. మీడియం వేవ్ ఉన్న పాత ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి చాలు. దాని లోపల పెన్సిలంత నల్లటి ఫెరైట్ కడ్డీ మీద తీగ చుట్టి ఉంటుంది, అదే యాంటెన్నా. మేము ఆకాశవాణి బెంగళూరు 612 కిలోహెర్ట్జ్ పెట్టాం. స్టూలు మీద అట్ట, అట్ట మీద కోణమానినితో 15 డిగ్రీలకొక గీత, మధ్యలో రేడియో. ఒక్కో గీతకు తిప్పి, శబ్దానికి సున్నా నుంచి ఐదు దాకా అంకె వేయాలి. అంకె వేసేవాళ్లు వీపు తిప్పి కూర్చోవాలి, లేకపోతే ముందే అనుకున్న అంకె వేస్తారు. వృత్తలేఖినితో ఐదు వలయాలు గీసుకుంటే గ్రాఫు కాగితం తయారు.

కడ్డీ స్టేషన్‌కు అడ్డంగా ఉన్నప్పుడు శబ్దం ఎక్కువ. కడ్డీ కొన స్టేషన్ వైపు చూసినప్పుడు దాదాపు శూన్యం. రేడియోలో శబ్దాన్ని తనంతట తానే సమం చేసే ఏర్పాటు ఉంటుంది కాబట్టి పెద్ద తమ్మెలు బల్లపరుపుగా వస్తాయి. శూన్యం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. తరగతి గదిలో చేస్తే ఇనప కిటికీలు, రేకుల కప్పు కలిసి శూన్యాన్ని ఎటో లాగేస్తాయి. మైదానంలో, కరెంటు తీగలకు దూరంగా చేయండి. రెండు చోట్లా చేయించి పక్కపక్కన పెడితే ఇంకా మంచిది.

మేము మైదానంలో చేసిన రోజు అంకెలు వేసింది ఆ అమ్మాయి తమ్ముడే. శూన్యం రెండు చోట్ల వచ్చింది, ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల తేడాతో. వాడు గ్రాఫు పట్టుకుని ఉత్తరం వైపు ఒకసారి, దక్షిణం వైపు ఒకసారి చూశాడు.

"టీచర్, బెంగళూరు ఈ గీత మీద ఉందని చెప్తోంది. ముందుందో వెనకుందో మాత్రం చెప్పట్లేదే?"

వేరే ఊరి నుంచి ఇంకో గీత గీస్తే రెండు గీతలూ ఒకచోట కలుస్తాయి కదా అన్నాను. వచ్చే శనివారం అదే రేడియో, అదే అట్ట పట్టుకుని బాగలూరు వెళ్తున్నాం.